ముచ్చిక

ఎనుమాముల యార్డు ఎనుక
కోల్డ్ స్టోరేజీ రేకుల కింద
పొద్దంత మిరపకాయ ముచ్చికలు తీస్త.
కిలోకింత.
తేజకాయ ముచ్చిక మొండిది,
గోటితోటి ఇట్ల వంచితె
చిటుక్కుమని ఊడొస్తది.

పొద్దుగూకినంక
ఫాతిమానగర్ల శౌరయ్య సారు ఇంట్ల
ఓపెన్ డిగ్రీ ఇంగ్లీషు.
అక్కడ ఉల్టా పని,
మాటలకు ముచ్చికలు పెట్టాలె.

"పోర్ట్ అంటె మోసుడు.
అబుల్ తగిలియ్యి,
పోర్టబుల్. మోయదగింది."
మంట పుట్టే ఏళ్లకు కొబ్బరినూనె రాసుకొని రాసిన.
నలభై కిలోల బస్తా పోర్టబులేనా సారూ?
"మోసెటోన్ని అడుగు."

చిన్నప్పుడు గుళ్లె ఫాదర్ పక్కన
గంట కొట్టుకుంట
తెలువని లాటిన్ల జవాబు చెప్పినోడట.
"అప్పుడు అర్థం గాలే ఓదెమ్మా,
ఇప్పుడు గూడ సగమే" అని దగ్గుతడు.
నా కొంగుల మిరప ఘాటుకే ఆ దగ్గు.
కిటికీ తీస్త.
కాజీపేట దాటే గూడ్సుబండి
మా పాఠం మీదికెల్లి పోతది, డబ్బా ఎనుక డబ్బా.

ఒక మాటకు 'ఏ', ఇంకోదానికి 'ఐ' ఎందుకు సారూ?
"రెండు వేల ఏండ్ల కింద
ఆ మాట ఏ ఇంట్ల పుట్టిందో దాన్ని బట్టి."
నవ్వొచ్చింది.
మా అడ్తిదారు గూడ అంతే,
పేరు చెప్పంగనే ఇంటిపేరు అడుగుతడు.

"నేషనల్‌ల 'అల్', సోలార్‌ల 'ఆర్',
రెండూ ఒకటే.
లోపల ముందే ఒక ల ఉంటె
బయటి ల తన గొంతు మార్చుకొని వస్తది."
ఒక్క సూరు కింద తోడికోడళ్లం మేము ఇద్దరం.
నాకు ఆ సూత్రం
రాసుకోకుంటనే యాదికున్నది.

శనివారం.
పగారు రిజిస్టర్ల నా పేరు పక్కన
ఇంగ్లీషుల ఒక మాట.
ఆరేండ్ల సంది దాని మీదికెల్లే సంతకం పెడుతున్న.
ఇయ్యాల ఆగిన.

సీజనల్.

సీజన్.
అల్.

ఎనుక లైను కదులుమంటున్నది.
గుమాస్త పెన్ను చాపుతున్నడు.
కాగితం మీద
ఎర్రబారిన నా బొటనేలి గోరు
ఆ మాట చివరికి పోయి
ముచ్చిక ఏడ మొదలైతదో
మెల్లగ తడుముతున్నది.