నిప్పుకోడి గూడు

మూడొందల యాభై కూలి, మధ్యాన్నం మజ్జిగ వాళ్ళదే
అని మాల్యాద్రి కబురు పెడితే
పొగాకు బ్యారన్లు చల్లారాక
పాలేరు ఒడ్డుకి పోయాం ఆరుగురు ఆడోళ్ళం.
జీతగాడి పేరు పెట్టుకున్న ఏరు,
జీతగాడి లాగే ఎండాకాలానికి
ఒంటి మీద ఏమీ మిగుల్చుకోనిది.

పలుగు వద్దన్నారు. పార వద్దన్నారు.
రంగులేసే కుంచె ఒకటి,
పళ్ళ డాక్టరు కాడుండే సన్న పుల్ల ఒకటి చేతికిచ్చి
మట్టికి మెలకువ రాకుండా తుడవమన్నారు.
నవ్వుకున్నాం.
ఇంట్లో చిమ్మేదీ మేమే, ఏట్లో చిమ్మేదీ మేమే.

నాలుగోనాడు నా వేలికి తగిలింది.
చూపుకి అది ఉత్త గులకరాయి.
పాతికేళ్ళు ఆకు గ్రేడు చేసిన వేళ్ళు ఇవి,
కరెంటు పోయిన రాత్రి కూడా
ఏ ఆకు ఏ మండెలోకి పోవాలో ఎరిగినవి.
రాయైతే చల్లగా ఊరుకుంటది. ఇది ఊరుకోలా.
సూది మొన గుంటలు, దగ్గర దగ్గరగా,
అమ్మవారు పోసి తగ్గిన చెంప లాగా.
"నజీరా మేడం" అన్నా, అంతే.
ఆ పిల్ల మోకాళ్ళ మీద కూలబడి
శానాసేపు మాట్లాడలా.

నిప్పుకోడి గుడ్డంట.
నలభై వేల ఏళ్ళ పైమాటంట.
నలభై వేలనంగానే నాకు
సొసైటీ బ్యాంకు బాకీయే గుర్తొచ్చింది.

నిప్పుకోడి నిప్పులు తింటదని
మా అమ్మమ్మ చెప్పేది.
ఆమె చూసిందేం లేదు, పేరు పట్టుకుని అల్లిన మాట.
గడ్డే తినేదంట, ఈ ఏటి గట్లన్నీ
అప్పట్లో మోకాటి లోతు గడ్డంట.
మరి నిప్పులు తినేదెవరంటారా,
మే నెల్లో కనిగిరి రోడ్డు మీద
బస్సు కోసం నిలబడ్డవాళ్ళని అడగండి.

గూడు పూర్తిగా తేలేసరికి మూడు వారాలు.
ఒక్క కోడి గుడ్లు కావంట అవి.
నాలుగైదు పెట్టలు ఒకే గుంతలో పెట్టి పోతే
పగలు పెద్ద పెట్ట పొదిగేదంట.
బ్యారన్ కాడ వేపకొమ్మకి ఒకే చీర ఉయ్యాల కట్టి
అందరి పిల్లకాయల్నీ అందులోనే ఊపలేదా మేం!
రాత్రి కాపలా మాత్రం మగకోడిదంట.
ఆ మాటకి ఆరుగురం
మాల్యాద్రి వైపు తిరిగి చూశాం.
అతను బీడీ కోసం జేబులు తడుముకున్నాడు.

పెంకుని మిషన్లో పెడితే
ఆ ఏడు వాన పడిందో లేదో చెప్పుద్దంట.
తల్లి తిన్నదీ తాగిందీ
పొరలు పొరలుగా పెంకులోకి దిగుద్దంట.
వానలు మారి, గడ్డి మారి,
ఒకనాటికి కోడే లేకుండా పోయిందంట.
ఎందుకు పోయిందో ఇంకా తేల్లేదు, అందుకే ఈ తవ్వకం
అంది నజీరా.

అందరూ పెంకు వైపు చూస్తా ఉంటే
నేను పెదాలు బిగించుకున్నా.
కనిగిరి అవతల పుట్టుక నాది.
మా బోరు నీళ్ళు నా పళ్ళ మీద
పసుపు గీతలై కూర్చున్నాయి.
మా నాయనకి మెడ తిరిగేది కాదు,
పక్కన ఎవరన్నా పిలిస్తే
మనిషి మనిషంతా తిరిగేవాడు, ఎడ్లబండి మళ్ళినట్టు.
ఫోటోకి నవ్వమంటే
పెదాలతోనే నవ్వే ఊరు మాది.
పెంకు చదవడానికి బస్సేసుకుని ఎక్కడినుంచో వచ్చారు.
మంచిదే.
మమ్మల్ని చదవడానికి వచ్చినవాళ్ళు
సీసాలో నీళ్ళు పట్టుకుని పోయారు,
ఆ సీసా ఏం చెప్పిందో
తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు.

ఆఖరి రోజున పెంకుల్ని దూదిలో పడుకోబెట్టి
ఒక్కోదానికీ ఓ నంబరు రాశారు.
నలుపు తెలుపు గళ్ళ చిన్న స్కేలు పక్కన పెట్టి
ఫోటోలు తీశారు.
"పెంచలమ్మా, నువ్వూ నిలబడు,
మొదట దొరికింది నీకే కదా" అంది నజీరా.
కొంగు దులుపుకున్నా.
ఆ స్కేలు ఇట్టా ఇవ్వు మేడం అన్నా.
చెంప పక్కన నిలువుగా పట్టుకుని
పళ్ళన్నీ కనపడేట్టు నవ్వా.