వంద కోట్లకొక గింజ

నెల్లూరు మినీ బైపాస్ మీద, టైర్ల షాపు పైన,
రెండో అంతస్తులో మా ల్యాబు.
మెట్ల దగ్గర నుంచే రొయ్య వాసన.
ఇంటికెళ్ళి నిమ్మచెక్కతో ఎంత రుద్దినా
గోళ్ళ సందున మిగిలే ఆ వాసనే నా ఉద్యోగం.

మిషను చూసే లెక్క నాన్నకి ఇట్లా చెప్పాను:
వంద కోట్ల మొలగొలుకుల గింజలు రాశి పోసి
అందులో ఒక్క రాతిగింజ
ఉందో లేదో చూడాలి.
"ఎవురు చూడమన్నారు?"
సముద్రానికి అవతల తినేవాళ్ళు నాన్నా.
"మరి మనం తినేదానికి ఎవురూ చూడరా?"
దానికి నా దగ్గర మిషను లేదు.

ఈ పొద్దున విడవలూరు నుంచి పెంచలయ్య వచ్చాడు.
నాలుగెకరాల గుంట. రొయ్యకి తెల్లమచ్చ వస్తుందన్న భయం.
మేతల కొట్టువాడు చేతిలో పెట్టిన పేరులేని పొడి.
రిపోర్టులో సున్నా పాయింట్ నాలుగు.
ఆయన చూపుడువేలు, ఉప్పునీటికి పగిలిన వేలు,
సరిగ్గా ఆ చుక్క పక్కన ఆగింది.
"ఈడ ఇంకో సున్నా ఏస్తే పోద్ది గదమ్మా.
సున్నాకి ఇలవ ల్యా అంటారు గదా."

లోకానికి సున్నా ఇచ్చింది మనమేనని
ఆరో తరగతిలో మాస్టారు బల్ల గుద్ది చెప్పాడు.
ఇట్లా ఇవ్వమని మాత్రం చెప్పలేదు.

మూడేళ్ళ కిందట కృష్ణపట్నంలో ఓడెక్కిన కంటైనరొకటి
ఏదో చలిదేశపు రేవులో నలభై రోజులు నిలబడి
తిరిగొచ్చింది.
దాని తలుపు మీద అంటించిన కాగితంలో
గుంట పేరు లేదు, రైతు పేరు లేదు,
కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన ల్యాబు పేరూ లేదు.
దేశం పేరొక్కటే ఉంది.

మధ్యాహ్నం గౌసియా టిఫిన్ డబ్బా తెరిచింది.
వాళ్ళ ఖాలా ఉదయగిరిలో చెక్కిన కలివి చెంచా.
ఇవీ ఓడెక్కుతాయట, డజన్ల లెక్కన.
"వీటికి టెస్టు ఎవరు చేస్తారే?"
"ఖాలానే. కాగితంలో చుట్టేముందు
ఒక్కొక్కటీ పెదవి మీద గీసి చూసుకుంటుంది,
పేడు గుచ్చుకుంటే పొయ్యిలోకే."
ల్యాబు మనిషిని గదా, ఆ పెదవి మాటకి ఉలిక్కిపడ్డాను.
తర్వాత ఆ చెంచా అడిగి తీసుకుని
పెరుగన్నం అంతా దాంతోనే తిన్నాను.

పెంచలయ్య పోలేదు. మెట్ల మీదే కూర్చున్నాడు.
నేను మార్చలేదు, ఆయన మళ్ళీ అడగలేదు.
సాయంత్రం ఐదుంబావుకి వీధంతా మిద్దెలెక్కితే
మేమూ ఎక్కాం.
దక్షిణాన ఒక తెల్లగీత,
సుద్దముక్కతో గీస్తూ గీస్తూ చెయ్యి వణికినట్టు
చివర కొంచెం వంకర.

"దాంట్లో ఏముండాదంటమ్మా?"
వేరే దేశాలవాళ్ళ పెట్టెలు కూడా ఉన్నాయంట.
డబ్బు కట్టి మన చేత పంపించుకుంటున్నారు.
చాలాసేపు పైకే చూశాడు.
"నమ్మి ఇచ్చినారే," అన్నాడు.

అక్కడ కూడా ఎవరో ఒకరు
చుక్క దగ్గర వేలు ఆపుకుని ఉంటారని
అనబోయి మింగేశాను.
వడ్డీ నెత్తిన పెట్టుకున్న మనిషికి
అది చెప్పడం తేలిక, వినడం కాదు.

గీత గాలికి పలచబడి పెన్న వైపు జరిగింది.
పిల్లలు దిగిపోయారు. టైర్ల షాపులో మళ్ళీ గాలి కొట్టే చప్పుడు.
రిపోర్టు నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని,
రెండు మెట్లు దిగి ఆగాడు.
"ఆ పొడి అమ్మినోణ్ణి చూసే మిషను
యాడన్నా ఉండాదా?"

రేపు తొమ్మిదింటికి ఇంకో పదకొండు గుంటల రొయ్యలు.
గోళ్ళు కత్తిరించుకోవాలి.