మచ్చు

బాదేపల్లి మార్కెట్ల ఇరవై ఆరేండ్లు
బస్తాలు పొడ్సిన చెయ్యి ఇది.
మూరెడు బోలు కడ్డి, కొనకు పదును.
గోనె సందుల నుంచి గుచ్చి, తిప్పి, గుంజితే
పిడికెడు మక్కలు అరచేతుల రాలేటివి.
ఒకటి పంటి కింద పెట్టి
తేమ పద్దెనిమిది అంటే పద్దెనిమిదే.
మిషిన్లు రాకముందు నా పండ్లే మిషిను.

ఇప్పుడు కండ్లు పసుపు.
ఒళ్లంత గీరుడు. దొడ్డికి పోతే సున్నం రంగు.
నడుం మీద లుంగి నిలుస్తలేదు.
మణెమ్మ నేలఉసిరి నూరి తాపింది,
పసరు మందుకు రెండూర్లు తిప్పింది.
ఆఖరికి పాలమూరు దవాఖానల
స్కానింగు ఫిలిం ఎలుగుకు పట్టి డాక్టరమ్మ అన్నది:
"క్లోమం తలకాయ కాడ మచ్చ ఉంది పెద్దాయినా.
మచ్చు తియ్యాలె."

నవ్వొచ్చింది.
నాకు చెప్తున్నవా బిడ్డా, మచ్చు సంగతి!

చీటి ఎనుక బొమ్మ గీసింది.
నోట్లెనుంచి దిగే నల్ల పైపు,
దాని మూతికి చప్పుడుతోని చూసే కన్ను.
మన చెవులకందని చప్పుడంట,
పోయి తాకి, మల్లొచ్చి
లోపలి ముచ్చట తెర మీద చెప్తదంట.
కడుపెనుక, ఎన్నుపూస ముంగట,
ఎవ్వరి చెయ్యి తాకని జాగల పండుకున్నదంట క్లోమం.
బయట నుంచి దూరం,
పేగుల నుంచైతే గోడకవుతలే.
నెత్తురు కాలువలు యాడున్నయో చూసుకుంట
వాటిని తప్పిచ్చి సన్నటి సూది.
"గుడ్డిగ పొడువం" అన్నది.

మత్తు దిగినంక గొంతు మంట.
ఇంక నాలుక తిరగకముందే అడిగిన:
ఎన్ని పోట్లు పొడ్సినవమ్మా?

"మూడు. పోటు పోటుకు సూదిని లోపలనే
ఇసనకర్ర లెక్క అటిటు ఆడిచ్చిన.
ఒక కాడ చచ్చిన కండే ఉండొచ్చు,
ఇంకో కాడ అసలుది దాగుండొచ్చు.
పక్కన ఉబ్బిన బిళ్లను
వేరే సూదితోని ముందుగాల్నే తీసిన,
దీని కణాలు దాంట్ల కలిస్తే
లెక్క తప్పుతది గద."

మల్లేం అడగలే నేను.

ఊరుకొండ కుర్మన్న.
పదకొండు బస్తాల మక్కలు.
ఎడ్లబండి దిగేటప్పుడు మూలకున్న ఒక్క బస్తా
వానకు తడిసింది, నేను చూసిన.
అడ్తి సేటు కన్ను గీటిండు.
సరిగ్గ ఆ తడి కాడనే కడ్డి దింపిన.
పదకొండింటికి ఒక్క పోటు.
కాంటా కాడ దడ్వాయి ధర చదివితే
కుర్మన్న కండువ దులుపుకున్నడు, గంతే.
ఆ దులుపుడు ఇంక ఇనపడుతనే ఉంది.

ఎనిమిదో దినం కాయితమొచ్చింది.
క్యాన్సరే.
కార్జం సాఫ్. బిళ్లల ఏం లేదు.
పెద్ద రక్తనాళాన్ని ఒరుసుకున్నది గాని చుట్టుకోలే.
"ముందుగాల మందెక్కిద్దాం. గడ్డ కుంచిచుకపోతే
కోతకు హైద్రాబాద్ పంపుత.
పోకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."
అబద్ధం కలపలేదు, తూకం మొగ్గనియ్యలేదు.
పుచ్చిన గింజను పుచ్చిందనే చెప్పింది,
బాగున్న కాడ బాగుందన్నది.

మణెమ్మ కొంగు నోట్ల కుక్కుకోని ఏడుస్తున్నది.
డాక్టరమ్మ తారీకులు రాస్తున్నది.
నేను కాంపౌండరును అడుగుతున్న:
ఊరుకొండకు బస్సు
ఎన్ని గంటలకుంది బిడ్డా?