సుత్తి లేని పటం

నేపుల్స్‌లో వాన పడితే
మా పనిగదిలోకి సముద్రం వాసన వస్తుంది.
ఆ వాసనలోనే విప్పాం
నాలుగు వందల ఏళ్ళ కాన్వాసుని.

వేసినవాడి పేరు తెలీదు.
వెనక చెక్క మీద బొగ్గుతో గీకిన పద్దు మాత్రం ఉంది:
నీలానికి ఇంత, తెలుపుకి ఇంత,
బంగారానికి ఏమీ లేదు.

కథ పాతదే.
ఓడి పారిపోతున్న సేనాపతి
గుడారం దగ్గర ఆగి నీళ్ళడిగాడు.
ఆమె పాలిచ్చింది.
దుప్పటి కప్పింది.
అతనికి కునుకు పట్టాక
నేలలోంచి గుడారపు మేకు పీకింది.

అంతవరకూ పాదిరీ చెప్తాడు.
తక్కింది గీత చెప్తుంది.

ఇటు చూడు, అంటుంది ఒర్సోలా
దూదిపుల్లని ఉమ్మితో తడుపుతూ.
పై మూల నుంచి కింది మూలకి ఒకటే వాలు.
ఆమె భుజం, మోచెయ్యి,
మేకుని నిలబెట్టిన ఎడమచేతి మూడువేళ్ళు,
అతని కణత.
జారుడుబండ ఎక్కిన పిల్లాడిలా
నీ కన్ను కిందికే పోతుంది,
వద్దు వద్దంటూనే.

అతను ఆమెకి రెండింతలు.
ఆ తొడలు, ఆ మెడ,
విప్పడానికి ఓపిక లేక వదిలేసిన ఇనుప చొక్కా.
అయినా అడుగున ఉన్నాడు.
అంత చీకటినీ తెచ్చి
అతని వీపు మీదే దించాడు చిత్రకారుడు
బస్తాలు దించినట్టు.
ఆమెకి ఇచ్చింది కాస్త వెలుతురు,
ఒక మోకాలు ఆన్చుకునే చోటు.

నెత్తురు లేదు. వెతికాను.
ఎర్రగా ఉన్నది దుప్పటి అంచొక్కటే.
పాలగిన్నె మాత్రం పక్కకి ఒరిగి ఉంది,
ఇంటిపని మధ్యలో ఎవరో పిలిస్తే
వదిలేసి వెళ్ళినట్టు.

కుడిచెయ్యి పైకి లేచింది.
మణికట్టు దగ్గర పటం అయిపోయింది.
సుత్తి లేదు.

ఏం గుండె ధైర్యం, అన్నాను,
దెబ్బని చట్రం బయట దాచాడు!
ఒర్సోలా నవ్వలేదు.
భూతద్దం నా చేతిలో పెట్టింది.
మూడు అంచుల్లో నేతపోగులు
మేకులు లాగిన చోటల్లా అలల్లా వంగాయి.
పై అంచు మాత్రం తిన్నగా ఉంది,
కత్తి పోయిన దారిలా.

తర్వాత కాన్వెంటు పద్దుల్లో దొరికింది:
భోజనశాల కిటికీ కింద పట్టలేదని
ఎనిమిదివేళ్ళ గుడ్డ కోసినందుకు
వడ్రంగి చిప్రియానోకి ఒకరోజు కూలి,
ఒక కూజా ద్రాక్షసారాయి.

అంతే.
సాయంత్రం లోపు ముగిసిన పని.
ఆ పైన రెండు వందల ఏళ్ళు
ముప్పైమంది సన్యాసినులు
పడని ఆ దెబ్బ కింద కూర్చుని
చిక్కుడుగింజల సూపు తాగారు.

డబ్బు పెట్టే ట్రస్టు నుంచి ఒకాయన వచ్చాడు.
సుత్తి గీసి పెట్టండి, అన్నాడు,
జనానికి అర్థం కావాలి కదా.
ఒర్సోలా ఔననలేదు, కాదనలేదు.
పై అంచుకి తెల్లకాగితం అంటించి
బొగ్గుతో సుత్తి గీసింది.
మంచి సుత్తే. కర్రపిడి, అరిగిన మొహం.

ముగ్గురం వెనక్కి నడిచాం.

సుత్తి కనబడగానే
దాని బరువు తెలిసిపోయింది.
మహా అయితే కిలోన్నర.
ఒక మనిషిని చంపడానికి సరిపోతుంది,
అంతకి మించి ఏమీ లేదు.
ఆమె పొట్టిదైపోయింది.
అతను నిద్రపోతున్న లావుపాటి మనిషి.

ఆయన గొంతు సవరించుకున్నాడు.
ఒర్సోలా కాగితం ఊడదీసింది.

మళ్ళీ గది పైకప్పు మొత్తం
ఆ పిడికిట్లోకి వెళ్ళిపోయింది.

అతని మొహం కడిగే వంతు నాది.
మూడు రోజులు పట్టింది మసి వదలడానికి.
మీసం కొసన
ఆవగింజంత తెలుపు తేలింది.
పాలు.
తుడుచుకోకుండానే పడుకున్నాడు, పాపం,
అనుకుని
అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

రాత్రి కాపలా సాబాతో తాళాలతో వస్తాడు.
అతనికి ఈ కథ తెలీదు, అడగడు కూడా.
ఆ గోడ దగ్గరికి రాగానే
కొంచెం మెడ వంచి దాటతాడు,
తక్కువ ఎత్తు గుమ్మంలోంచి వెళ్తున్నట్టు.