బలపం ముక్క

ఎమ్మిగనూరు కోర్టు నన్ను కమిషనరుగా పంపింది
కాలనీలో మూడో లైను, పద్నాలుగో ఇల్లు కొలిచి రమ్మని.
కొత్త లాయర్ని. ఫీజు వెయ్యి రూపాయలు,
ఎండ ఉచితం.

పట్టా వెనక అచ్చయిన షరతుల్లో నాలుగోది
మడత మీద సగం చెరిగిపోయి ఉంది:
"నివాసమునకు మాత్రమే. ఇతర వినియోగము చేసినచో రద్దు."
రద్దు అన్న మాట మాత్రం చెరగలేదు.

ఒకటే గది. గది నడుమ గుంట.
పొడవు మూడడుగులు, వెడల్పు రెండున్నర.
"కార్ఖానా అని రాసుకోండి సార్"
తహశీల్దారు ఆఫీసు గుమస్తా గుమ్మంలోంచే తేల్చేశాడు.
గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న నీలకంఠప్ప తలెత్తలేదు.
తొక్కుడు చెక్క కిందికి పోయింది
నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు.

మాట్లాడింది ఉరుకుందమ్మే:
"యాడ్నుంచి యాడికి ఇల్లు,
యాడ్నుంచి యాడికి కార్ఖానా
సున్నంతో గీత గీసి సూపిచ్చు సామీ.
ఆ గీత మిందనే పండుకుంటా."

ఫిర్యాదు పెట్టిన పక్కింటి సంజీవరాయుడు
తన ఇంటిని నీళ్ళ ప్లాంటుకు బాడుగకిచ్చినాడు.
మోటారు మోత గోడలోంచి వస్తూనే ఉంది.
అది నా వారెంటులో లేదు.

రాత్రి తొమ్మిదికి గుంట మీద రెండు చెక్కలు పరుస్తారట
చెక్కల మీద బొంత, బొంత మీద మనవరాలు.
ఎండాకాలం కింది నుంచి సల్లగా ఉంటాదని
ఆ పిల్లే చెప్పింది, సాక్షుల జాబితాలో లేని పిల్ల.

లోతు కొలవడానికి టేపు వదిలాను.
అడుగున ఏదో తగిలింది. వంగి చేయి పెట్టాను:
తెగిన పోగులు, ఒక పిన్నీసు,
అమృతాంజనం సీసా మూత,
నమిలిన గుర్తులున్న బలపం ముక్క.
లోతు రెండడుగుల నాలుగంగుళాలు.

రిపోర్టు ఫారంలో రెండే గడులు,
నివాసము, ఇతరము.
పిన్నీసు ఏ గడిలో రాయాలో తోచక
అన్నీ కింద ఖాళీలో రాశాను, చిన్నక్షరాలతో,
పేజీ దాటి అంచు దాకా.

సర్కారు తరఫున అభ్యంతరం వేశారు:
"కమిషనరు కొలవమన్నది వదిలి
కనిపించినదెల్లా రాసినాడు."
వాయిదా పడింది. మళ్ళీ పడింది.
నేత మాత్రం ఆగలేదని విన్నాను.

బలపం ముక్క నా నల్లకోటు జేబులో ఉండిపోయింది.
ఇచ్చి రావాలంటే
ఆ గడప దాటడానికి నాకిప్పుడు
ఇంకో వారెంటు కావాలి.