ఎవరి చెయ్యి

మల్కాపురంలో, సింధియా బస్సు మలుపు తిరిగే చోట
మేడమీద రేకుల గది.
కిటికీ ఊచకు కట్టిన రాగితీగ
ఆరేసిన లుంగీల నడుమ నుంచి
పక్కింటి కొబ్బరిచెట్టు దాకా పోతుంది.

దేముడుబాబుగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు
ఓడల్లో రేడియో ఆఫీసరు.
ఇప్పుడాయన కుడిచెయ్యి
ఆయన్ని అడక్కుండానే మాట్లాడుతుంది.
టీ గ్లాసు పట్టుకుంటే చాలు
సాసరు మీద టకటకా
ఎస్సులు, హెచ్చులు, అయిదులు.

అందుకే కీయరు తీసుకెళ్ళాను.
అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, టంకం నాదే,
ఒక మూల కాలింది కూడా నా వల్లే.
రెండు రేకుల పాడిల్,
బొటనవేలికి చుక్క, చూపుడువేలికి గీత.
ఊరికే తాకితే చాలు
గీత మూడు చుక్కల పొడుగు,
వెంట్రుకవాసి తేడా రాదు.

చిక్కల్లా ఒకటే.
దానికి తెర లేదు, అంకెలు లేవు.
ఉన్న ఒక్క బొత్తామూ నొక్కి
ఏం కావాలో మోర్సులోనే చెప్పుకోవాలి.
నా చెయ్యి వణుకుతోంది, నెమ్మదిగా పోనీ అని
ఆ వణికే చేత్తోనే చెప్పుకోవాలి.

వేగం మార్చడానికి ఎస్ కొట్టారు.
ఒక చుక్క ఎక్కువ పడి హెచ్ అయింది.
డిడి డాడా డిడి, అంది పెట్టె.
"ఏటంటది గుంటా?"
అర్థం కాలేదంటోందండి.
మళ్ళీ కొట్టారు.
మళ్ళీ డిడి డాడా డిడి.
"మా ఆవిడే నయం,
రెండోసారికి ఊరుకునీది."

ఇలా ఇవ్వండి, నేను కొడతాను అన్నాను.
ఇచ్చి, కిటికీ వైపు తిరిగిపోయారు,
తన సంతకం ఇంకొకరు పెడుతుంటే
చూడకూడదన్నట్టు.

నిమిషానికి పన్నెండు మాటలు.
రెండు రేకులూ నొక్కితే అల్లుకుపోయే పద్ధతి తీసేశాను.
ఒకటో గుర్తులో పిలుపు: ఎవరైనా ఉన్నారా, ఎవరైనా.
రెండో గుర్తులో పేరు, ఊరు.
విశాఖపట్నం అని మొదలెడితే ఆపేశారు.
"అంత పొడుగు ఎవులింటారు? వైజాగను.
ఆకర్ని జీ ముందర కాసింత ఆగు, నానలాగే కొడతాను."
ఆగడం దీనికి రాదండి.
"మరేటొచ్చు?"

సాయంత్రం, నలభై మీటర్లు.
ఉక్కపోత, గరగర, ఎవరిదో సిలోన్ వైపు మాట.
బొత్తాం నొక్కారు. పిలుపు పోయింది,
తప్పు లేకుండా, ఇస్త్రీ చొక్కాలా.
పోర్ట్ బ్లెయిర్ నుంచి తంగవేలు దొరికాడు,
ఒకే ఓడలో ఎనిమిదేళ్ళు ఎదురెదురు బంకుల్లో పడుకున్నవాడు.
రెండో బొత్తాం. పేరు. ఊరు.
కాసేపు గరగర.
తర్వాత అవతలి నుంచి
డిడి డాడా డిడి.
ఎవరది? ఇది దేముడు చెయ్యి కాదే.

ఇద్దరం నవ్వలేదు.
రిఫైనరీ మంట అద్దం మీద ఆడుతోంది.
దాన్నీ మోర్సనుకోవచ్చు గానీ
అది గాలి, అంతే.

పెట్టె మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను.
గీత బరువు అరవైకి పెంచాను,
డెక్కు ఒరిగినప్పుడు మోచెయ్యి ఆన్చి
ఆయన సాగదీసేవారట గీతల్ని.
అక్షరాల మధ్య దానంతటది సర్దే ఖాళీ తీసేశాను.
బొత్తాలొద్దు, మీరే కొట్టండి అన్నాను.

వి. ఐ. జెడ్. ఏ.
ఆగారు.
ఆ ఆగినచోట, ఏ ఊరిదీ కాని చుక్కొకటి
జారి పడింది.
జీ.

తంగవేలు: ఇంకోసారి.
మళ్ళీ కొట్టారు. మళ్ళీ అక్కడే పడింది.
తంగవేలు ఏమీ అనలేదు,
వాళ్ళావిడ మోకాళ్ళ గురించి మొదలెట్టాడు.

రాసుకుంటూ రాసుకుంటూ నేను తలెత్తితే
ఆయన పాడిల్ కేసి చూస్తున్నారు.
"మద్దెన పడ్డ ఆ సుక్క
ఎవులిదే, పెట్టిదా?"
మీదేనండి. తీసెయ్యమంటే తీసే ఉపాయం ఉంది.
చేతిని ఒళ్ళోకి తీసుకున్నారు,
రెండోచెయ్యి దాని మీద వేశారు.
"ఉండనీ."