బిల్లులేని చలి

కంప్రెసర్ పాడై ఫ్యాక్టరీ మూడు రోజులు ఆగింది.
పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి
ఫిషింగ్ హార్బరుకి నాతో పనిలేదు.
"చలి చూసొద్దాం, రా" అన్నాడు ఎల్లాజీ.
నవ్వొచ్చింది.
రోజుకి రెండొందల దిమ్మలు కొక్కేనికి తగిలించి ఈడ్చేవాణ్ణి,
వేళ్ళ చివర్న నీలం ఇంకా వదలనివాణ్ణి,
నాకు చలి చూపిస్తాడట!

నాకు తెలిసిన చలికి బరువుంటుంది,
రేటుంటుంది,
గొంతులో గుచ్చుకునే అమ్మోనియా ఉంటుంది.
గోనెపట్టా కప్పి బోటు కడుపులోకి దింపితే
పదిరోజులు కోనేల కళ్ళు చెడకుండా కాస్తుంది.
తిరిగొచ్చేసరికి అది ఉండదు.
చేపలే వస్తాయి.

కాంప్లెక్సులో చింతపల్లి బస్సెక్కాం.
నర్సీపట్నం దాటేదాకా చెమటే.
ఘాటు రోడ్డులో
ఎవరూ చెప్పకుండానే కిటికీ అద్దాలు
ఒక్కొక్కటీ మూసుకున్నాయి.
తువ్వాలుతో చెవులు కప్పుకున్న ముసలాయన
నా పల్చటి చొక్కాకేసి జాలిగా చూశాడు.
"కొత్తా?"
"ఐసు ఫ్యాక్టరీ" అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

చింతపల్లి బజార్లో ఎల్లాజీ
చిన్నప్పుడు బళ్ళో విన్న పాఠం గుర్తొచ్చి
కొండవాళ్ళు తుపాకులు ఎత్తుకెళ్ళిన ఠాణా ఎక్కడని అడిగాడు.
రాజ్‌మా రాశి పోసుకు కూర్చున్నావిడ
సోలతో కొలవడం ఆపకుండానే
గడ్డంతో చూపించింది: "అదుగో, అటు."
అటు చూస్తే గోడ.
గోడమీద ఎండ.
ఎండలో నిద్రపోతున్న కుక్క.
ఎల్లాజీ చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాడు.
ఎందుకురా అంటే "ఏమో" అన్నాడు.
ఆవిడ దగ్గర రెండు కేజీలు కొన్నాం, బేరమాడకుండా.

రాత్రి లంబసింగిలో
గెమ్మెలి బొంజుబాబు ఇంటి అరుగు,
అద్దెకి రెండు దుప్పట్లు.
"మా ఊరిని కొర్రబయలంటాం.
బయట పడుకున్నోడు
పొద్దుటికి కొర్రయిపోతాడు"
పొయ్యి ఎగదోస్తూ చెప్పాడు.
సగం రాత్రికి నా పళ్ళు కొట్టుకుంటుంటే
చీకట్లో ఎల్లాజీ నవ్వు.
"ఏరా, ఐసు మనిషీ!"

ఇంకా తెల్లారలేదు.
కార్లలో వచ్చినవాళ్ళు లోయవైపు ఫోన్లెత్తి
కొండలు బయటపడేదాకా ఉగ్గబట్టుకుని ఉన్నారు.
నేను కిందికి చూశాను.
గడ్డి.
ప్రతి పరక మీదా ఐసు.
ఉప్పుపొడంత, కనురెప్ప వెంట్రుకంత.
కొక్కెం పట్టే చేత్తో ఒక పరక తుంచి
నాలిక మీద పెట్టుకున్నాను.
తుప్పు లేదు. మందు ఘాటు లేదు.
పచ్చి గడ్డి రుచి, అంతే.

ఏ షిఫ్టువాళ్ళు దింపారు దీన్ని?
రాత్రంతా మేలుకునే ఉన్నానే,
ఒక్క మోటారు చప్పుడైనా వినలేదే.
ఇంత మైదానానికి
ఎన్ని డబ్బాలు, ఎన్ని గంటలు, ఎంత కరెంటు!
అలవాటు చొప్పున లెక్కకట్టబోయి
అంకెలు దొరక్క ఊరుకున్నాను.

వలిసెపూల పసుపు మీదుగా ఎండొచ్చింది.
లోడెత్తడానికి ఎవరూ రాలేదు.
ఒక్క చేపనీ కాయకుండానే
అంతా నీరైపోయింది.
బొంజుబాబు ఆవు ఆ తడిగడ్డి మీదికి వచ్చి
ఏమీ జరగనట్టు మేసింది.
కరిగిందంటే నష్టమని
ఇన్నేళ్ళూ పుస్తకంలో రాసుకున్నవాణ్ణి,
చేతులు కట్టుకుని ఊరికే చూశాను.

రాజ్‌మా ఎలా వండాలో మా ఇంట్లో తెలీదు.
సత్యవేణి కోనెం పులుసులో వేసింది.
బాగానే ఉంది.

నాలుగో రోజు కంప్రెసర్ మళ్ళీ దగ్గింది.
బోట్ల మీంచి సరంగుల కేకలు,
మళ్ళీ కొక్కెం, మళ్ళీ గోనెపట్టా.
మధ్యాహ్నం ఒక దిమ్మ గట్టు మీదే మర్చిపోయాం.
చూసేసరికి పిడికెడుంది,
దాని చుట్టూ తడి, తడిలో రెండు కాకులు.
సాయంత్రం పుస్తకం తెరిచి
నష్టం అన్న గడి దగ్గర
చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని
ఖాళీగా వదిలేశాను.